రాయికి కట్టిన తాడు

ముందే చెప్పేస్తాను. అండమాన్ దీవిలో, గుహ లోపలి చెరువులో మునిగి ఈదినవాడిని నేను కాదు. మా అక్క భర్త ఆర్. మునుసామి. నేను గట్టున నిలబడి ఆయన నడుముకు కట్టిన తాడు పట్టుకున్నాను. పట్టుకోవలసినంత సేపు పట్టుకోలేదు. ఈ కథనం రాయడానికి కారణం అదే. గుహ ఎలా ఉంటుందో చదవాలనుకునే వారికి అది కూడా దొరుకుతుంది.

విల్లియనూరు బావి

మా బావ ముప్పై ఏళ్లు బావుల్లో మునిగి బతికాడు. పంపుసెట్టు గొట్టం కొసన ఉండే ఫుట్‌వాల్వు ఊడి అడుగున పడినా, ఇత్తడి బిందె జారినా, పుదుచ్చేరి పక్కనున్న విల్లియనూరు రైతులు ఆయన కోసం మనిషిని పంపేవారు. ఊపిరి బిగబట్టి దిగి, బురదలో చేత్తో తడిమి తెచ్చేవాడు. తరువాత బోర్లు వచ్చాయి, బావులు ఒక్కొక్కటే ఎండాయి. ఇప్పుడు ఆయన పుదుచ్చేరి ఊళ్లో, సముద్రంలో డైవింగ్ నేర్పే ఒక దుకాణంలో సిలిండర్లకు గాలి నింపుతున్నాడు. వయసు యాభై ఒకటి. చెవి డాక్టరు గట్టిగానే చెప్పాడు, ఇంకో ఏడాదికి మించి మునిగితే వినికిడి పోతుందని.

ఆ దుకాణానికి ఒకసారి ఇంజను సామాను కోసం అప్పన్న అనే పడవ మనిషి వచ్చాడు. వాళ్ల తాత కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి అండమాన్ వెళ్లి స్థిరపడిన కుటుంబం. మాటల్లో ఒక దీవి గురించి చెప్పాడు. అక్కడ గుహ, గుహలో మంచినీళ్ల చెరువు, ఆ చెరువు అడుగు నుంచి దారి, దారి చివర ఇంకో గది. బావకు ఆ రోజు నుంచి నిద్ర లేదు.

"ముప్పై ఏండ్లు ఊట నీళ్లలో మునిగినా మచ్చా. ఆ ఊట యాడుంచి వొస్తాదో, ఒక్కసారి దాని ఇంట్లోకే పోయి చూడాల" అన్నాడు నాతో. మచ్చా అంటే మా వైపు బావమరిది. అరవం నుంచి మా ఇళ్లలోకి వచ్చి కూర్చున్న మాట.

అక్క సరోజ ఒకటే షరతు పెట్టింది. "నువ్వు కూడా పోతేనే ఆయన్ని పంపేది. తాడు నువ్వే పట్టుకోవాల."

ఇది మా వైపు బావి మనుషుల ఆచారం. మునిగేవాడి తాడు బావమరిది చేతిలో ఉండాలి. అన్న అయితే ఆస్తి కోసం వదిలేయవచ్చు, స్నేహితుడు ఏమరవచ్చు, బావమరిది మాత్రం సొంత అక్కచెల్లెళ్ల తాళి తెంచడని లెక్క. మూడేళ్ల కిందట ఈ హేతువాద పత్రికలోనే నేను ఈ ఆచారాన్ని ఏకిపారేశాను. పెళ్లికీ చావుకీ చుట్టరికమే, ఆఖరికి ఊపిరికి కూడా చుట్టరికమేనా అని రాశాను. శిక్షణ ఉన్న చెయ్యి ఎవరిదైతేనేం అని అడిగాను. ఆ మాట మీద నేను ఇప్పటికీ నిలబడతాను. అయితే అక్క ముందు నిలబడటం వేరే సంగతి. ఒప్పుకున్నాను.

ఇంకా నీళ్లున్న ఒక బావి దగ్గర బావ నాకు రెండు ఆదివారాలు పాఠం చెప్పాడు. ఒక లాగు అంటే "బాగుండా". పైవాడు కూడా ఒక లాగుతో జవాబివ్వాలి. మూడు లాగులంటే "ఎత్తు". తరువాత మూడు కట్టుబాట్లు. ఎక్కడ నిలబెడితే అక్కడే నిలబడాలి. తాడు చేతిలో ఉన్నంతసేపు ఎవరితోనూ మాట్లాడకూడదు. తాడును దేనికీ కట్టకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు.

"మాట్లాడకపోవడం దేనికి? గంగమ్మకు కోపమా?" అన్నాను.

"గంగమ్మకి కాదు, నాకి" అన్నాడు బావ. "నువ్వు నోరు తెరిస్తే ఇంగ చేతులు నిద్రపోతాయి."

బావి గట్టున కూర్చున్న రైతు నవ్వాడు. నేను దాన్ని ఎగతాళి అనుకున్నాను.

ఓడలో మూడు రోజులు

ఫిబ్రవరి చివర, అరవం లెక్కకు మాసి నెలలో బయలుదేరాం. సునామీ వచ్చి మూడేళ్లు దాటింది. రాహుకాలంలో ఇల్లు విడవడం నా అలవాటు కాబట్టి ఆ రోజూ అలాగే విడిచాను. బావ మాత్రం గంట ముందే బయలుదేరి, వీధి చివర టీ కొట్టులో కూర్చుని నాకోసం ఎదురుచూశాడు. మా ఇద్దరి సిద్ధాంతాలూ చెడకుండా ప్రయాణం మొదలైంది.

చెన్నై రేవులో ఓడ ఎక్కాం. అడుగు తరగతి అంటే ఇనుప మంచాల మీద మంచాలు, మధ్యలో నడవా. మా పక్క మంచం మీద అండమాన్‌లోని రంగత్‌లో స్థిరపడిన బెంగాలీ ముసలమ్మ ఉండేది. మొదటి రోజే నాకు వాంతులు పట్టుకున్నాయి. ఆమె మాట నాకు తెలియదు, నా మాట ఆమెకు తెలియదు. ఆవనూనె కలిపిన మరమరాలు, పచ్చిమిరపకాయ ఒకటి కాగితంలో పెట్టి ఇచ్చింది. మన ఇళ్లలో ఆవనూనె వాసనకే లేచిపోతారు. నాకు మాత్రం ఆ పూట కడుపులో నిలిచింది అదొక్కటే. ఊళ్లో మూడు రూపాయల టీ ఓడలో ఐదు. అయినా అది టీ కాదు.

రెండో రోజు పై డెక్కు మీద ఒక జ్యోతిష్కుడు దొరికాడు. సముద్రం మీద శని చూపు పనిచేయదని, అందుకే నావికులకు ఆయుష్షు ఎక్కువని ఎవరికో చెబుతున్నాడు. నేను ఊరుకోలేదు. మునిగిన ఓడలన్నీ భూమ్మీద మునిగాయా అని అడిగాను. చుట్టూ జనం చేరారు. రెండు గంటలు వాదించి, ఆయన్ని గ్రహాల నుంచి దించి, "అంతా పైవాడి లీల" అనే దాకా తెచ్చాను. మంచం దగ్గరికి వచ్చేసరికి బావ పళ్లెం కడుగుతున్నాడు.

"గెలిస్తివా మచ్చా?"

"గెలిచాను."

"సంతోషం. అన్నం అయిపోయింది."

అన్నానికి గంట కొట్టారట. నాకు వినపడలేదు. సంచిలోంచి అక్క పెట్టిన నిమ్మకాయ ఊరగాయ, రెండు బన్నులు తీసి ఇచ్చాడు. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది.

పోర్ట్‌బ్లెయిర్‌లో తెలుగు

అప్పన్న ఇల్లు రేవుకు దగ్గర. రేకుల కప్పు, ముందు వలలు, వెనక బొప్పాయి చెట్లు. మేము మాట్లాడటం మొదలుపెట్టగానే అతను పడిపడి నవ్వాడు.

"ఓలమ్మో, మీది తెలుగేనేటి బాబూ? అరవోడు కలలో తెలుగు మాటాడినట్టుంది!"

"నీది మాత్రం ఏంది?" అన్నాడు బావ. "మాట మాటకీ 'ఏటి' అంటా వుండావు. మా ఊళ్లో ఏటి అంటే ఏటి నీళ్లే."

ఆ క్షణం నుంచి ఇద్దరూ స్నేహితులు. నేను తిరుపతిలో చదువుకుని అక్షరాలు నేర్చుకున్నవాడిని కాబట్టి నా తెలుగు ఇద్దరికీ పుస్తకంలా వినిపించింది. ఇద్దరూ కలిసి నన్ను వెక్కిరించారు.

అప్పన్న భార్య బెంగాలీ ఇంటి పిల్ల. పిల్లలు హిందీలో పోట్లాడుకుంటారు, తల్లితో బెంగాలీ, తండ్రితో తెలుగు. చేపల పులుసులో చింతపండు మనది, ఆవాలు వాళ్లవి. టమాటాలు, ఉల్లిపాయలు ఓడ మీద రావాలి కాబట్టి మా పుదుచ్చేరి పెద్ద మార్కెట్టు ధరకు రెండింతలు. చేప మాత్రం దాదాపు ఉచితం. ఆ ఇంట్లో మూడు రోజులున్నాం, మా కులం ఎవరూ అడగలేదు. పుదుచ్చేరిలో ఇల్లు అద్దెకు అడిగితే వీధి దాటకముందే అడుగుతారు. నేను ఉత్సాహం పట్టలేక ఇదే మన కలల సమాజం అన్నాను.

"కులం అడగరు బాబూ" అన్నాడు అప్పన్న. "జీతం అడుగుతారు."

గుహ

దీవి పేరు రాయను. రాయవద్దని అప్పన్న అడిగాడు. పేరు తెలిస్తే పిట్టల గూళ్ల కోసం దొంగలు దిగుతారని అతని భయం. వాళ్ల నాన్న కాలంలో విదేశాల్లో సూపుకు వాడే ఆ గూళ్లను కోసి అమ్మేవారట, ఇప్పుడు కోస్తే కేసు. న్యాయమైన భయమే.

పోటు తగ్గాక పడవను గుహ నోటిదాకా తెచ్చాడు. లోపల నలభై అడుగులు బండల మీద పాకాలి. తల మీద చిన్న నల్ల పిట్టలు నాలుకతో టక్‌టక్‌మన్నట్టు చప్పుడు చేస్తూ చీకట్లో దేనికీ తగలకుండా ఎగురుతున్నాయి. ఆ చప్పుడు తిరిగి వచ్చేదాన్ని బట్టి దారి తెలుసుకుంటాయట. అంటే చీకట్లో కళ్లకంటే జవాబు ముఖ్యం. ఇది రాస్తుంటే తోచింది. అప్పుడు తోచలేదు.

ఆ తరువాత గది. కప్పులో ఎక్కడో చిన్న కంత, దానిలోంచి చెయ్యంత లావు వెలుతురు. కింద చెరువు. అంత కదలని నీటిని నేను ఎక్కడా చూడలేదు. టార్చి వేస్తే అడుగున ఉన్న గులకరాయి కూడా కనబడింది, లోతు మాత్రం తెలియలేదు. బావ దోసిలితో తీసి తాగాడు.

"పైన తియ్యన. కింద వుప్పు వుంటాది చూడు" అన్నాడు.  మళ్లీ దోసిలి పట్టి, నీళ్లను మెల్లగా చెరువులోకే వదిలాడు. ఎండిన బావులన్నీ ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. అది నా ఊహ. ఆయన చెప్పలేదు.

ఎదుటి గోడ నీటిలోకి దిగిన చోట మనిషి పట్టేంత కంత ఉంది. అందులోంచి రెండు బారలు ఈదితే అవతలి గది, అక్కడ గాలి ఉంటుందని అప్పన్న చెప్పాడు. వాళ్ల నాన్న వెళ్లి వచ్చాడట.

"గంటలో పోటు మొదలవుతాది. బేగి వొచ్చీయండి. నాను పడవ కాడుంటాను" అని అతను గుహ నోటి దగ్గరకు పోయాడు. అక్కడి నుంచి కేకేస్తే వినపడుతుంది.

బావ కొబ్బరితాడు నడుముకు కట్టుకుని, దుకాణంలోంచి తెచ్చిన ఈత కళ్లద్దాలు పెట్టుకుని, నీళ్లలో వెలిగే టార్చి పట్టుకున్నాడు. కంతకు సూటిగా ఎదురుగా ఉన్న చదును బండ మీద నన్ను నిలబెట్టాడు. "ఈడ్నే" అన్నాడు. మునిగాడు.

తాడు నా చేతుల్లోంచి జారుతూ పోయింది. ఆగింది. ఒక లాగు. నేనూ ఒకటి లాగాను. బావ అవతలి గదికి చేరాడు, గాలి ఉంది, బాగున్నాడు. ఇక ఆయన తీరిగ్గా చూసుకుంటాడు. నాకు పని లేదు.

నేను చేసిన పని

నా ఎడమవైపు పదడుగుల దూరంలో, కప్పు కింద తెల్లటి రాతి దిమ్మ ఒకటి ఉంది. పైనుంచి దాని మీద నీటిచుక్క పడుతోంది. పుణ్యాత్ములు వస్తేనే ఆ చుక్క రాలుతుందని పడవలో అప్పన్న చెప్పాడు. కొందరు పసుపు కూడా పూసిపోయారు. ముప్పై ఏళ్లుగా ఇటువంటి వాటి వెంటపడిన మనిషిని నేను. గడియారం చేతికే ఉంది. నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టి, దూరంగా జరిగి మళ్లీ లెక్కపెడితే తేలిపోతుంది.

తాడు సంగతి ఆలోచించాను. ఆలోచించకుండా చేశానని ఎవరూ అనుకోవద్దు. మనిషి చెయ్యి అలసిపోతుంది, చెమర్చుతుంది, తుమ్ము వస్తే జారుతుంది. రాయి అలసిపోదు. కాబట్టి తాడుకు నా చెయ్యికంటే రాయి నమ్మకమైనది. పక్కనే తొడంత లావు రాతి స్తంభం ఉంది. తాడు దానికి రెండు చుట్లు చుట్టి ముడివేసి వెళ్లాను.

నిమిషానికి పదకొండు చుక్కలు. వెనక్కి జరిగాను. అప్పుడూ పదకొండే.

"ఓ అప్పన్నా!" అని కేకేశాను. "పాపాత్ముణ్ణి నేనొచ్చినా కారుతోంది!"

"మీరు పాపాత్ములు కారేమో బాబూ!" అని జవాబు వచ్చింది.

నవ్వుకుని ఊరుకోవలసిన మాట. నేను ఊరుకోలేదు. రుజువుకూ నమ్మకానికీ తేడా ఏమిటో, తనకు ఎదురైన ప్రతి సాక్ష్యాన్నీ నమ్మకం ఎలా మింగేస్తుందో గుహ దద్దరిల్లేలా చెప్పాను. పిట్టలు లేచాయి. అతను ఏదో అన్నాడు, నేను దానికీ జవాబిచ్చాను. ఎంతసేపో తెలియదు. గడియారం చేతికే ఉంది, చూడలేదు.

టార్చి తిప్పినప్పుడు స్తంభం దగ్గర ముడి కనబడింది. వణుకుతోంది. మూడు సార్లు, ఆగి, మూడు సార్లు. ఆగి, మళ్లీ మూడు.

ఆ లాగుళ్లకు ముడి బిగుసుకుపోయింది. పంటితో విప్పాను. లాగితే తాడు రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడే అర్థమైంది. స్తంభం చదును బండకు ఆరడుగులు పక్కన ఉంది. సూటిగా ఉండవలసిన తాడు పక్కకు వాలి, కంత అంచున ఉన్న సన్నటి చీలికలోకి దిగిపోయింది. అవతల టార్చి ఆరిపోతే, తాడు పట్టుకుని వచ్చే మనిషికి ఆ చీలికే దారి చూపిస్తుంది. తల పట్టని దారి.

నాకు ఈత రాదు. పుదుచ్చేరిలో పుట్టి సముద్రాన్ని గోడ మీంచి చూసి పెద్దయిన వాళ్లలో నేనొకణ్ణి. బట్టలతోనే చెరువులోకి దిగాను. అంచు వెంబడి అడుగు దొరికినంత మేర, మెడ దాకా నడిచి, కంతకు ఎదురుగా వచ్చి, తాడును పైకి ఎగరేసి పక్కకు విసిరాను. రెండోసారి కాదు, మూడోసారి కాదు, ఎన్నోసారో చీలికలోంచి ఊడింది. ఒక లాగు లాగాను.

ఏమీ రాలేదు.

మా అక్క ముఖం కళ్ల ముందుకు వచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. తాడు తప్ప లోకంలో ఏమీ లేదు. అప్పుడు ఒక లాగు తగిలింది. వెంటనే మూడు.

బావ బయటికి వచ్చినప్పుడు కణతల దగ్గర చీరుకుపోయి రక్తం కారుతోంది. బండ మీద బోర్లా పడుకుని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. తరువాత తాడు కొస చూశాడు. నలిగి, తెల్లటి రాతిపొడి అంటుకుని ఉంది.

"రాయికి కట్టితివా?"

"కట్టాను బావా."

"పదిసార్లు లాగినా. నువ్వు పడిపోయినావేమో అనుకొంటి." తాడు మీది రాతిపొడి దులిపాడు. "రాయి పట్టుకొంటాది రా. అడిగితే పలకదు."

అంతే. తిట్టలేదు. తిరుగు ప్రయాణంలో కూడా తిట్టలేదు. ఓడ మీద మూడో రోజు మాత్రం, నేను అడగకుండానే అవతలి గది గురించి చెప్పాడు. టార్చి ఆరకముందు చూశాడట. గోడ మొత్తం చెమర్చినట్టు నీరు దిగుతోంది, ఎక్కడా ధార లేదు, కంత లేదు.

"ఊటకి ఇల్లు లేదు మచ్చా. రాయంతా ఊటే." మంచం అంచు మీద కూర్చుని అన్నాడు. "సరోజకి చెప్పొద్దు. నీ మీద నమ్మకం పోతాది దానికి."

కదిర్కామం

ఇక్కడ నాకు ఒక సౌకర్యం ఉంది. మా అక్కకు తెలుగు మాట్లాడటం తప్ప చదవడం రాదు. మా ఇళ్లలో చాలామందికి రాదు. ఆమె చదివేది అరవం. నేను ఈ పత్రికలో ఎంత నిజాయితీగా ఒప్పుకున్నా, ఒప్పుకోవలసిన ఒక్క మనిషికి అది చేరదు. ఊరందరి ముందూ నిజం చెప్పి, ఇంట్లో దాచుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు. ఇంతవరకు రాసిన ప్రతిని తీసుకుని పుదుచ్చేరి కదిర్కామంలోని వాళ్లింటికి వెళ్లాను.

అక్క చేటలో మునగాకు దూస్తోంది. బావ గుమ్మంలో కూర్చున్నాడు. మొదటి నుంచి చదివాను. అన్నం అయిపోయిన చోట ఆమె నవ్వింది. ముడివేసిన చోట చేతులు ఆగాయి. చివరిదాకా ఆగే ఉన్నాయి.

"నువ్వేమో నాకు తలుపు తగిలి చీరుకొనింది అంటివి" అంది బావతో.

"వాడే చెప్పినాడు గదా ఇప్పుడు" అన్నాడు బావ.

నా వైపు తిరిగింది. తిడుతుందని చూశాను. "ఒకటి అడుగుతా, జవాబు చెప్పు. ఆయనకేమైనా అయితే తాళి తెగేది ఎవరికి?"

"నీకు."

"నాకు గదా? అయితే తాడు నాకియ్యకుండా నీకెందుకిచ్చేది?"

స్త్రీ సమానత్వం మీద ముప్పై ఏళ్లుగా వేదికలెక్కాను. ఆ ఆచారాన్ని ఏకిపారేసిన వ్యాసంలో చుట్టరికాన్ని ప్రశ్నించాను, కులాన్ని ప్రశ్నించాను. ఈ ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. ప్రతి చివర ఆ ప్రశ్న రాసుకున్నాను.

పోయిన ఆదివారం విల్లియనూరులో ఒక బావిలో ఫుట్‌వాల్వు పడిందని కబురు వచ్చింది. డాక్టరు ఇచ్చిన ఏడాదిలో ఇంకా నెలలు మిగిలి ఉన్నాయి. ముగ్గురం వెళ్లాం. అక్క చీర కుచ్చెళ్లు బొడ్లో దోపి, బావ చూపించిన చోట నిలబడి తాడు అందుకుంది. బావ మునిగాడు.

బావి యజమాని పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఏందమ్మా ఇది? ఆడోళ్లు బావి కాడ తాడు పట్టేది యాడన్నా వుండాదా? నీళ్లు ఇంకిపోతాయి! తమ్ముడు ఈడ్నే నిలబడుకొని వుండాడు గదా, అతనికియ్యి!"

అక్క పలకలేదు. తల కూడా తిప్పలేదు. అతను మళ్లీ అడిగాడు, గొంతు పెంచాడు, నా వైపు చూశాడు. బోర్లు వేసి నీళ్లు ఇంకించింది ఏ ఆడదని అడగడానికి నా నాలుక చివర మాట సిద్ధంగా ఉంది.

తాడు ఒకసారి కదిలింది. అక్క ఒకసారి లాగింది.

నేను మాట్లాడలేదు.